మూడేండ్లు నొక్కిన సీపీఆర్ బొమ్మ: గ్రీన్ లైటు చెప్పేది, చెప్పనిది

నల్లగొండ, దేవరకొండ దిక్కు, అటు పాలమూరు ఊర్లల్ల సీపీఆర్ (గుండె ఆగినోళ్ల ఛాతీని నొక్కి రక్తం నడిపించుడు) నేర్పెతందుకు మూడేండ్ల సంది ఈ బొమ్మనే వాడుతున్నం. తల, ఛాతీ వరకే ఉండే రకం. లోపల స్ప్రింగు, 5 సెంటీమీటర్లు దిగితే ‘టక్’మనే క్లిక్కరు, భుజం కాడ వేగం చూపే లైట్లు. నిమిషానికి 100 నుంచి 120 మధ్య నొక్కితే గ్రీన్, తక్కువైతే పసుపు, మించితే ఎరుపు.

క్లిక్కరుతోటి లోతు తొందరగ పట్టుబడతది. చిక్కు కూడా దానితోటే. ‘టక్’ వినబడంగనే పని అయిపోయిందనుకుంటరు, ఛాతీ పూర్తిగ పైకి లేవకముందే మళ్ల నొక్కుతరు. ఛాతీ లేవకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు. నిండని గుండెను ఎంత లోతుకు నొక్కినా బయటికి పోయేది తక్కువే. ఈ తప్పును బొమ్మ పట్టుకోదు, లైటు గ్రీన్‌లనే ఉంటది.

దీనికి ముల్లు తిరిగే పాత బరువు మిషన్ మంచి మందు. డిజిటల్‌ది పనికిరాదు, అంకె ఒక్కకాడ ఆగిపోతది. మిషన్ మీద గట్టి పలక వేసి బొమ్మను పండబెట్టాలె. ఉత్త బొమ్మ బరువు కాడ ముల్లు ఆగుతది కదా, అక్కడ అద్దం మీద స్కెచ్ పెన్నుతోటి గీత పెట్టాలె. మెల్లగ నొక్కి వదిలినప్పుడల్లా ముల్లు ఆ గీత దాకా రావాలె. రెండు మూడు కిలోల పైననే ఆగిందంటే మనిషి ఇంకా ఛాతీ మీద వాలి ఉన్నట్టే. చెయ్యి ఛాతీని అంటుకునే ఉండాలె, బరువే వదలాలె. పొద్దంతా చెప్పినా ఎక్కని ఈ తేడా ముల్లును చూస్తే అర నిమిషంల ఎక్కుతది. వేగంగ నొక్కేటప్పుడు మాత్రం ముల్లు ఎగురుతది, అప్పుడు దాన్ని నమ్మొద్దు.

బొమ్మ అరిగిందా లేదా అన్నది కూడా ఆ మిషనే చెప్తది. కొత్తల ‘టక్’ వచ్చినప్పుడు ముల్లు ఏ అంకె మీదున్నదో బొమ్మ వీపు మీద రాసి పెట్టుకోవాలె. పోను పోను అంతకన్న తక్కువ బరువుకే వస్తున్నదంటే పక్కన స్కేలు నిలబెట్టి లోతు కొలవాలె. లోతు 5 సెంటీమీటర్లే ఉంటే స్ప్రింగు మెత్తబడ్డట్టు, లోతు కూడా తగ్గితే క్లిక్కరు అరిగినట్టు. మాదాంట్ల రెండో ఏడుకు రెండూ అయినయి. అట్లాంటి బొమ్మ మీద నేర్చుకున్నోళ్లు అసలు మనిషి ఛాతీని పైపైన నొక్కుతరు.

లైట్లు బయటపెట్టిన ఇంకో సంగతి లెక్కపెట్టుడు. ఒకటి నుంచి పది దాకా లైటు గ్రీన్‌లనే ఉంటది. పదకొండు, పన్నెండు దాటి ‘ఇరవై ఎనిమిది’ కాడికి వచ్చేసరికి పసుపు. మాట పొడుగైతే చెయ్యి కూడా ఆగుతది మరి! పది పదిగ మూడుసార్లు లెక్కపెట్టమంటే సరిపోయింది. 30 నొక్కులు 15 నుంచి 18 సెకన్లల్ల అయిపోవాలె.

నవారు మంచం సంగతికి ఈ బొమ్మకు నూటికి నూరు మార్కులు. మంచం మీద పెట్టి నొక్కమంటే చెయ్యి కిందికి పోతనే ఉంటది, క్లిక్కు రాదు. ఇది కొలిచేది ఛాతీకి, వీపుకు నడుమ దూరం. మంచం దిగింది దాని లెక్కల పడదు. నొక్కే లోతు చూపెతందుకు పేషెంటు ఛాతీ మీద పెట్టే బిళ్లల్ల చానా రకాలు చేతి కదలికను కొలుస్తయి, పరుపు కుంగింది కూడా లోతే అనుకుంటయి. పేషెంటును కిందికి దించాలని వేరే చెప్పే పని పడదు.

మన మోకాళ్లు బొమ్మ ఛాతీ పక్కకు ఆనించి, భుజాలు చేతుల మీదికి తెచ్చి, మోచేతులు వంచకుండ నొక్కితే 45 కిలోల మనిషి కూడా క్లిక్కు తెప్పిస్తది. చీర కట్టినోళ్లకు కుచ్చిళ్లు మోకాళ్ల కింద ఇరుక్కుంటే ముందుకు వంగరాదు, ముందే సర్దుకోవాలె. ఎంత బలమున్నోళ్లకైనా రెండో నిమిషంల క్లిక్కులు తప్పుతయి, నొక్కేటాయనకు అది తెల్వనే తెల్వదు. అందుకే 2 నిమిషాలకు మనిషి మారాలె. మారేటోళ్లు ఎదురుంగ ముందే కూసోవాలె. 30 నొక్కులైనంక నోటితోటి రెండు శ్వాసలు ఇచ్చేటప్పుడు ఆగేది 10 సెకన్లు దాటొద్దు. ఆగిన సమయాన్ని కూడా ఈ బొమ్మ లెక్కపెట్టదు, పక్కన ఒకరు ఫోనుల స్టాప్‌వాచ్ పట్టుకోవాల్సిందే. శ్వాసలు నేర్వనోళ్లు 108కు ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఉత్త నొక్కుడే ఆపకుండ చేసినా మంచిదే. కాలువల మునిగినోళ్లకైతే శ్వాసలు కూడా కావాలె.

బొమ్మ ఛాతీ ఎప్పుడూ ఒక్కతీరుగనే ఉంటది. మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్‌తోటి బిగుసుకపోయిన ముసలోళ్ల ఛాతీ ఎట్లుంటదో దీన్ని నొక్కితే తెల్వదు. పక్కటెముక పటుక్కుమన్నా ఆపొద్దన్న మాట కూడా మనమే చెప్పాలె.

మూతి తొడుగును ఇక్కడి బోరునీళ్లతోటి కడిగితే తెల్లగ ఉప్పు పేరుకుంటది, కాచి వడబోసినా పూర్తిగ పోదు. ఆర్వో ఫిల్టరు నీళ్లతోటి కడిగి నీడకు ఆరబెట్టాలె. మే నెలల కారు డిక్కీల వదిలేస్తే మొఖం రబ్బరు జిగటైతది. బ్యాటరీలు క్లాసు కాంగనే తీసేయాలె, మాకు ఒకసారి కారి లైట్ల బోర్డు పోయింది. ఆ బోర్డు తెప్పించేసరికి రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా ఫోనుల మెట్రోనోమ్ (ఒక్క వేగంతోటి టిక్కుటిక్కుమనే యాప్) నిమిషానికి 110కి పెట్టుకోని, ముల్లు మిషన్‌తోటే నడిపించినం.