పాత టేకుకి ఎపాక్సీ: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఎపాక్సీ, అంటే రెండు ట్యూబులు కలిపి పూసే ఈ జిగురు మీద నాకు ఇంత ప్రేమ ఎందుకంటే, నూనె ఊరే టేకుని ఇది వదలకుండా పట్టుకుంటుంది. అంతే.

కావలిలో మా తాత ఇల్లు పడగొట్టినప్పుడు దక్కిన టేకు పలకలతో భోజనాల బల్ల చేశాను. తెల్ల జిగురు పూసి రాత్రంతా క్లాంపుల్లో ఉంచి, పొద్దున విప్పితే రాయిలా ఉంది. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం టప్‌మని శబ్దం. నడిమి అతుకు ఈ చివర నుంచి ఆ చివరకి విడిపోయింది. గోటితో గీకితే జిగురు మీగడలా పొరగా లేచొచ్చింది, దానికి ఒక్క చెక్క పీచు కూడా అంటుకుని లేదు.

మా వీధి వడ్రంగి పెద్దాయన చూసి, "చెమట పట్టిన నుదుటి మీద బొట్టుబిళ్ల నిలబడుద్దా నాయనా?" అన్నాడు. వారం ముందే చిత్రిక పట్టి పక్కన పెట్టుకోవడం నా తప్పు. లోపలి నూనె ఈలోగా పైకి వచ్చేసింది. ఈసారి అంచులు కొత్తగా చిత్రిక పట్టి, 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, నూనె వదిలించే అసిటోన్ ద్రవంతో తుడిచాను. మొదటి గుడ్డ డికాక్షన్ రంగుకి తిరిగింది. మూడో గుడ్డకి తెలుపు కనిపించింది. అసిటోన్ ఆరీ ఆరగానే ఎపాక్సీ పూశాను. క్లాంపులు మాత్రం మరీ బిగించకూడదు, జిగురంతా బయటికి కారిపోతుంది. (ఉదయగిరి చెక్క గరిటెల వాళ్లది హాయి. ఒకే ముక్కలో చెక్కేస్తారు, అతుకు గొడవే లేదు.)

అలాగే అతికించిన తుంపు ముక్కని సుత్తితో కొట్టి చూశాను. పక్కన చెక్క విరిగింది గానీ అతుకు విడలేదు.

వదలదు అన్నాను గానీ, మొన్న సంక్రాంతికి మా ఆవిడ పొయ్యి మీది కుక్కర్ తెచ్చి నేరుగా అతుకు మీదే పెట్టింది. గోరు మందాన పలక జారింది. మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుందని అప్పుడు తెలిసింది. ఎండాకాలంలో ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే కాగి గడ్డకడుతుంది కూడా. ఖర్చు సంగతి సరేసరి.

నాది ఆదివారం పూట పని, ఏడాదికి రెండు మూడు వస్తువులు. రోజూ చేసేవాళ్లకి ఈ తుడుపులన్నీ కుదురుతాయో లేదో. వేప, మామిడి చెక్కలకి నేను ఇప్పటికీ తెల్ల జిగురే వాడతాను. బల్ల మీద ఆ చోట ఇప్పుడు ఈతాకు చాప ముక్క ఉంది. కుక్కర్ దాని మీదే దిగుతోంది.