ఆటిజం పిల్లల ‘డైట్ ప్యాకేజీ’లు కొనబోయే తల్లిదండ్రులకు జాగ్రత్త హెచ్చరిక

ఆహారం మారిస్తే ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు వస్తాయని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక మూడు నెలల ప్యాకేజీని 38,000 రూపాయలు ముందుగా కట్టి మా నాలుగేళ్ల అబ్బాయి కోసం తీసుకున్నాము. ఒక రక్తపరీక్ష, రెండు డబ్బాల పౌడరు, వారానికోసారి ఫోన్‌లో సలహా అందులో భాగం. ఫిర్యాదు నడుస్తున్నందున అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇవే సరుకులు వేర్వేరు పేర్లతో తిరుగుతున్నాయి కనుక వీరి పద్ధతి ఎలా ఉంటుందో చెబుతున్నాను.

మొదట రక్తపరీక్ష. రిపోర్టులో పాలు, గోధుమ, గుడ్డు, వేరుశెనగ ‘పడవు’ అనే ఎరుపు రంగులోను, మా వాడు ఎన్నడూ నోట పెట్టని పుట్టగొడుగులు ఆకుపచ్చలోను వచ్చాయి. అది ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం ప్రతిరక్షకం) పరీక్ష. ఒక పదార్థాన్ని తిన్నట్టు శరీరం గుర్తుపట్టిందని మాత్రమే ఐజీజీ చూపుతుందని, తిండి పడకపోవడాన్ని నిర్ధారించడానికి దానిని వాడవద్దని ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే స్పష్టం చేసింది. మా పిల్లల డాక్టరుగారు ఆ కాగితం చూసి, “రోజూ తినేవాటికే కదమ్మా ఎర్రగీత పడేది” అన్నారు.

ఆ రిపోర్టు ఆధారంగా ప్యాకేజీ అమ్మినవారు గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తులు రెండూ పూర్తిగా మానిపించమన్నారు. మనది అన్నం తినే ఇల్లు కనుక గోధుమ మానడం బిస్కెట్‌తోనూ చపాతీతోనూ సరిపోతుంది. అసలు దెబ్బ పెరుగు మీద పడుతుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లాగే మా వాడు కూడా రంగు, వాసన, నోటికి తగిలే తీరు చూసి తింటాడు. మెత్తగా కలిపిన తెల్లటి పెరుగన్నం, అరటిపండు, వేయించిన అప్పడం, ఒకే రకం బిస్కెట్ మాత్రమే వాడి భోజనం. అందులోంచి పెరుగు తీసేస్తే మాంసకృత్తులు, కాల్షియం ఎక్కడినుంచి రావాలి? 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు. వారు రాసిచ్చిన ఇంటి బాదం పాలతో అది తీరదు. ఆటిజం ప్రధాన లక్షణాలకు చికిత్సగా ఈ మినహాయింపు ఆహారాలను వాడవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో రాసి ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం పౌడరు వల్ల జరిగింది. పిల్లవాడికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టమని వారి సూచన. వాడు మొదటి ముద్ద వాసన చూసి పళ్లెం తోసేశాడు. ఆ తర్వాత పౌడరు లేని అన్నం కూడా ముట్టలేదు. నమ్మకంగా తినే పదార్థంలో ఏదైనా దాచిపెడితే ఆ పదార్థమే చేజారుతుందని, కొత్తది పక్కన వేరే గిన్నెలో ఉంచాలని మా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (తినడం వంటి రోజువారీ పనులలో పిల్లలకు శిక్షణ ఇచ్చే నిపుణులు) చెప్పారు. బరువు తగ్గుతోందని ప్యాకేజీవారికి ఫోన్ చేస్తే, శరీరంలోని విషపదార్థాలు బయటికి పోతున్నాయని, అది మంచి సూచన అని, మోతాదు పెంచమని సలహా వచ్చింది! అక్కడితో ఆపేశాము. డాక్టరుగారు చేయించిన పరీక్షలో ఐరన్ తక్కువగా తేలింది. రెండు డబ్బాల లేబుళ్లలోని రోజు మోతాదు విటమిన్ ఎ కూడి చూస్తే, 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు రెటినాల్ (శరీరం నేరుగా వాడుకునే విటమిన్ ఎ) రూపంలో రోజుకు గరిష్ఠ పరిమితిగా చెప్పే 900 మైక్రోగ్రాములు దాటింది. ఈ విటమిన్ మూత్రంలో పోయేది కాదు, కాలేయంలో నిల్వ ఉంటుంది.

ప్రకటనలో మాటలు వస్తాయన్న ఆ డబ్బా వెనుకే, భూతద్దానికి అందే అక్షరాలలో, ఔషధ వినియోగానికి కాదని ముద్రించి ఉంది. డబ్బా మీది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఎఐ (భారత ఆహార భద్రతా ప్రాధికార సంస్థ) నంబరు ఆహార వ్యాపారానికి ఇచ్చిన లైసెన్సు మాత్రమే. ఫలితానికి పూచీ కాదు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. డబ్బు వాపసు అడిగితే, డైట్ చార్టు సరిగా పాటించలేదని నెపం మా మీదికే నెట్టారు.

నిజంగా పాల అలర్జీ గానీ సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) గానీ ఉన్నట్టు డాక్టరు నిర్ధారిస్తే ఆయా పదార్థాలు మానిపించవలసిందే. తిండి తినకపోవడానికి మలబద్ధకం, పంటినొప్పి కూడా కారణం కావచ్చు కనుక ముందు అవి చూపించాలి. ఏ ఒక్క పదార్థాన్ని తీసేయమన్నా దాని బదులు ఏమి, ఎంత పెట్టాలో రాతపూర్వకంగా అడగండి.

ఇప్పటికే కొన్నవారు డబ్బాలు పారేయవద్దు. బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసుకోండి, ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, చెల్లింపు రసీదు భద్రపరచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మా ఫిర్యాదు నమోదైన వారానికే ఆ ప్రకటన వీడియో మాయమైంది.