బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి నాలుగు స్టార్లు, దాని ఇన్‌స్టాలర్‌కి ఒక్కటే

సికింద్రాబాద్‌లో మా మామయ్యగారిది మందుల ఏజెన్సీ. బిల్లింగ్, స్టాకు, జీఎస్టీ అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి, దాన్ని చూసుకునేది నేను. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే ఈ గోల వాళ్లొక్కరిదే కాదు, లోపల ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (లెక్కలన్నీ దాచే మైక్రోసాఫ్ట్ డేటాబేస్) పెట్టుకుని నడిచే ఏ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కైనా రావచ్చు.

ముందు మంచి చెప్పేస్తాను. బ్యాచ్ నంబరు కొడితే ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, ఏ ర్యాకులో ఉందో అన్నీ వస్తాయి. పదికి ఒకటి ఫ్రీ లాంటి స్కీములు బిల్లులో తికమక లేకుండా పడతాయి. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు మార్కెట్లో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే మాకు ఒక్క అప్‌డేట్‌తో రేట్లన్నీ మారిపోయాయి. రోజూ వాడేదానిగా నాకు సాఫ్ట్‌వేర్ మీద కంప్లైంట్ లేదు. ఉన్నదల్లా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ మీద, ఎక్కకపోతే ఫోనెత్తే సపోర్ట్ మీద.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, మా కౌంటర్లలో ఉన్నవి ఆరో తరం ఐ3 డెస్క్‌టాప్‌లు. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంటారు కాబట్టి వాటిని గోడౌన్‌కి పంపేసి, ఇక్కడి కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొత్త సిస్టమ్‌లు అసెంబుల్ చేయించాం. అన్నింటిలో ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్కు), ఒక్కదాంట్లో మాత్రం ఖర్చు తగ్గుతుందని సాటా ఎస్ఎస్‌డీ (పాత రకం). ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి.

సాటా ఎస్ఎస్‌డీ ఉన్నదాంట్లో మొదటిసారికే ఎక్కింది. మిగతావాటిలో ఎక్కలేదు. అదే పెన్‌డ్రైవ్, అదే విండోస్, అదే వెర్షన్. అసలు చిరాకు ఏమిటంటే, ఎక్కలేదన్న సంగతి కూడా ఇన్‌స్టాలర్ చెప్పదు. పచ్చ గీత మెల్లగా పాకుతూ వెళ్లి, మధ్యలో ‘డేటాబేస్ సిద్ధం చేస్తున్నాం’ అన్నచోట చాలాసేపు ఆగి, తర్వాత ఒక్క ఉదుటున చివరికి పోయి ‘ఇన్‌స్టలేషన్ పూర్తయింది’ అని టిక్కు పెట్టేస్తుంది. డెస్క్‌టాప్ మీద ఐకాన్ కూడా వస్తుంది. దాన్ని నొక్కితే ‘సర్వర్ కనెక్ట్ కాలేదు, మీ నెట్‌వర్క్ చూసుకోండి’ అంటుంది. నెట్‌వర్క్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు! మనమేమో కేబుళ్లు పీకి పెట్టుకుంటూ, రౌటర్ ఆపి వేస్తూ కూర్చుంటాం.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఎవరెత్తినా ఒకటే పాట. దూరం నుంచే మన సిస్టమ్ నడపడానికి ఎనీడెస్క్ నంబరు అడుగుతారు, లోపలికి వచ్చి యాంటీవైరస్ ఆపుతారు, ఫైర్‌వాల్ ఆపుతారు, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని మళ్లీ కొడతారు, అదే జరుగుతుంది. చివరికి “మేడమ్, మీ సిస్టమ్‌లోనే ఏదో ప్రాబ్లం ఉంది మేడమ్, ఒకసారి ఫార్మాట్ కొట్టించండి.” నిన్నగాక మొన్న వచ్చిన సిస్టమ్ అండీ, ఫార్మాట్ దేనికి? ఆపిన యాంటీవైరస్‌ని మళ్లీ ఆన్ చేయకుండానే వెళ్లిపోయారు, అది వేరే సంగతి. సీటీసీ అబ్బాయిని పిలిస్తే డిస్కు టెస్ట్ చేసి చూపించాడు. “అక్కా, డిస్క్ మంచిగనే ఉంది, వాళ్ల సెటప్‌లనే ఏదో ఉంది” అన్నాడు. వీళ్లు వాళ్లనీ, వాళ్లు వీళ్లనీ అనుకుంటుంటే కౌంటర్ దగ్గర మామయ్యగారు చేత్తో బిల్లులు రాస్తున్నారు.

అసలు విషయం లాగ్ ఫైల్లో, అంటే జరిగిందంతా రాసుకునే ఫైల్లో, ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ సెటప్ నడిచినప్పుడల్లా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దాని ఫోల్డర్ కింద సెటప్ బూట్‌స్ట్రాప్, అందులో లాగ్, అందులో సమ్మరీ అనే టెక్స్ట్ ఫైలు రాసి పెడుతుంది. మాదాంట్లో డేటాబేస్ ఇంజిన్ దగ్గర ఫెయిల్డ్ అని, కారణంగా ‘వెయిట్ ఆన్ ద డేటాబేస్ ఇంజిన్ రికవరీ హ్యాండిల్ ఫెయిల్డ్’ అని ఉంది. ఈ వాక్యం చాలా తప్పులకి వస్తుంది కాబట్టి దీన్ని చూసి ఒక నిర్ణయానికి రాకూడదు, డేటాబేస్ సొంత లాగ్ ఫోల్డర్‌లో ఉండే ఎర్రర్‌లాగ్ అనే ఇంకో ఫైలు కూడా తెరవాలి. అందులో 256 ‘మిస్‌అలైన్డ్ లాగ్ ఐఓ’లు వచ్చాయని కనిపించిందా, దొంగ దొరికినట్టే.

సంగతేమిటంటే, ప్రతి డిస్కూ తన సెక్టార్ సైజు, అంటే డేటా రాసే ఒక్కో ముక్క సైజు, ఎంతో విండోస్‌కి చెబుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 512 బైట్లో 4096 బైట్లో అయితేనే కుదురుతుంది. ఈమధ్య వచ్చే కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కులు 8 కేబీ, 16 కేబీ, అంతకన్నా ఎక్కువ కూడా చెబుతున్నాయి. విండోస్ 10లో డ్రైవర్ ఆ అసలు సైజును పైకి చెప్పేది కాదు కాబట్టి అంతా సాఫీగా నడిచిపోయింది. విండోస్ 11 డ్రైవర్ ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తోంది, దాంతో డేటాబేస్ సర్వీసు మొదలవ్వకుండానే పడిపోతోంది. అందుకే పాత డొక్కు డెస్క్‌టాప్‌లో ఎక్కేది మెరిసిపోయే కొత్తదాంట్లో ఎక్కదు, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఎక్కదు. విండోస్ 10లో చక్కగా నడుస్తున్నది 11కి అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఆగిపోయిందని ఎవరైనా అంటే, వాళ్లకీ ఇదే కారణం కావచ్చు. ఇదంతా రహస్యమేం కాదు, మైక్రోసాఫ్ట్ తన సపోర్ట్ పేజీలోనే రాసి పెట్టింది. బిల్లింగ్ కంపెనీవాళ్లు చదవలేదు, అంతే.

చూసుకోవడం తేలిక. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్ఎస్‌యుటిల్ కమాండుతో సి డ్రైవ్ సెక్టార్ ఇన్ఫో అడగండి. ఫిజికల్ బైట్స్ పర్ సెక్టార్ అని మొదలయ్యే లైన్లలో 4096 దాటి ఏ అంకె ఉన్నా మీదీ ఇదే కథ. మాదాంట్లో 16384 ఉంది. సాటా ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో 4096.

విరుగుడు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఉంది. లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, స్టోర్‌ఎన్‌వీఎంఈ, పారామీటర్స్, డివైస్ దాకా వెళ్లి, ఫోర్స్‌డ్‌ఫిజికల్‌సెక్టార్‌సైజ్‌ఇన్‌బైట్స్ అనే పేరుతో ఒక మల్టీ స్ట్రింగ్ పెట్టి, విలువగా * 4095 ఇవ్వాలి. నక్షత్రం గుర్తు (*) తర్వాత ఖాళీ ఉంది, గమనించండి. 4096 కాదు, 4095 అనే రాయాలి, అచ్చుతప్పు కాదు. సిస్టమ్ రీస్టార్ట్ చేశాక మళ్లీ అదే కమాండు కొడితే 4096 చూపించాలి. సగంలో చచ్చిన పాత ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాన్స్‌ని (అరకొరగా ఎక్కిన డేటాబేస్‌ని) ముందు తీసేసి, అప్పుడు సెటప్ నడపండి. మాకైతే ఆ తర్వాత అన్ని కౌంటర్లలోనూ ఎక్కేసింది. రిజిస్ట్రీ ముట్టుకోవడం భయమైతే ఇంట్లో టెక్నికల్‌గా తెలిసినవాళ్లతో చేయించండి, సొంతంగా ప్రయోగాలు వద్దు.

రిజిస్ట్రీ జోలికి పోకుండా కూడా ఒక దారి ఉంది, 4096 చూపించే వేరే డ్రైవ్‌లో డేటాబేస్ పెట్టుకోవచ్చు. కానీ ఈ ఇన్‌స్టాలర్‌లో డ్రైవ్ ఎంచుకునే అవకాశమే ఇవ్వలేదు, అంతా సి డ్రైవ్‌లోకే తోసేస్తుంది.

గోడౌన్‌లోని ఒక పాత డెస్క్‌టాప్‌లో కూడా ఎక్కలేదు. అందులో ఉన్నది 32 బిట్ విండోస్. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి 64 బిట్ మాత్రమే. దానికీ ఈ ఇన్‌స్టాలర్ ఇచ్చిన మెసేజ్ ఏమిటో తెలుసా, ‘నెట్‌వర్క్ చూసుకోండి’.

వాళ్లు చేయాల్సింది పెద్దదేం కాదు. డేటాబేస్ ఎక్కకపోతే టిక్కు పెట్టకుండా ఆగి, ఆ సమ్మరీ ఫైలు తెరిచి చూపిస్తే చాలు. సెక్టార్ సైజు, 32 బిట్టా 64 బిట్టా అన్నవి సెటప్ మొదట్లోనే చెక్ చేయడం ఏ ప్రోగ్రామర్‌కైనా ఒక్క సాయంత్రం పని. ఏటా కట్టే ఏఎంసీ (మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) డబ్బులు మాత్రం గడువుకి నెల ముందు నుంచే గుర్తుచేస్తారు, అందులో ఎక్కడా ఆలస్యం ఉండదు. నేను లాగ్ ఫైళ్లు, స్క్రీన్‌షాట్లు, విరుగుడుతో సహా వాళ్లకి మెయిల్ పెట్టాను. “నోట్ చేసుకున్నాం మేడమ్” అని జవాబు వచ్చింది. పోయిన వారం వచ్చిన కొత్త వెర్షన్ సెటప్ దించి చూశాను, అదే పచ్చ గీత, అదే టిక్కు. మీ ఏరియా డీలర్ డెమోకి వస్తే కీబోర్డు అతనికే ఇచ్చి, మీ కొత్త సిస్టమ్‌లో మీ కళ్ల ముందే ఎక్కించి ఒక బిల్లు ప్రింట్ తీసి చూపించమనండి, డబ్బులు ఆ తర్వాతే.