డాటెన్వ్ ప్యాకేజీయా, నోడ్ సొంత ఫ్లాగా?

నోడ్‌ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్)తో నడిచే బిల్డ్ స్క్రిప్ట్‌లోకి ఎన్వ్ ఫైల్ (ఏపీఐ అడ్రస్ లాంటి సెట్టింగులు రాసుకునే .env ఫైల్) విలువలు తేవాలంటే చాలా ఏళ్లు డాటెన్వ్ ప్యాకేజీయే దిక్కు. 2023లో వచ్చిన నోడ్ 20.6 నుంచి కమాండ్‌లో ఎన్వ్-ఫైల్ ఫ్లాగ్ (--env-file) ఇస్తే చాలు, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

అసలు తేడా ఫైల్ లేనప్పుడు తెలుస్తుంది. డాటెన్వ్ స్క్రిప్ట్‌ను ఆపదు. మనం చెక్ పెట్టకపోతే బిల్డ్ హాయిగా పూర్తవుతుంది, తీరా చూస్తే ఏపీఐ అడ్రస్ ఉండాల్సిన చోట అన్‌డిఫైన్డ్ (అంటే విలువే లేదని) ఉంటుంది. నోడ్ ఫ్లాగ్ అయితే మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. బిల్డ్‌కి కావాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం. ఫైల్ లేకున్నా నడవాలంటే నోడ్ 22.9లో ఎన్వ్-ఫైల్-ఇఫ్-ఎగ్జిస్ట్స్ ఫ్లాగ్ వచ్చింది.

పాత నోడ్ వదలలేని ప్రాజెక్టులకు డాటెన్వే నయం. మెషీన్‌లో ముందే ఉన్న విలువను ఫైల్ విలువతో మార్చాలన్నా దాని ఓవర్‌రైడ్ ఆప్షన్ పనికొస్తుంది.

ఏది వాడినా విలువలన్నీ స్ట్రింగులే, అంటే వట్టి అక్షరాలే. డీబగ్ అనే సెట్టింగ్‌కి ఫాల్స్ అని రాసినా, అది ఖాళీ స్ట్రింగ్ కాదు కాబట్టి కోడ్‌లోని ఇఫ్ షరతు దాన్ని ట్రూగానే తీసుకుంటుంది.