అరకు ప్రయాణం, మధ్యలో గది మార్చిన కథ

నవంబరులో అరకు వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, పాప, అమ్మానాన్న. మా నాన్న తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపారు. మోకాళ్ళు మొరాయించడంతో మూసేశారు. ఎక్కడికి వెళ్ళినా ఆయన చూపు కొండల మీదకంటే ముందు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడి మీద పడుతుంది. ఈ ప్రయాణంలో సగం ఆయన కళ్ళతో చూసిందే.

మొదటి రాత్రి విశాఖలో. బీచ్‌రోడ్డుకి దగ్గర్లో ఒక హోటల్లో భోంచేశాం. చేప వేపుడు బాగుంది, పాప కోసం సర్వర్ అడక్కుండానే కారం లేని పప్పు విడిగా తెచ్చాడు. బిల్లు చూస్తే తిన్నది 1,840 రూపాయలకి, దాని కింద సర్వీస్ ఛార్జి పది శాతం అని 184, ఆ మొత్తం మీద మళ్ళీ జీఎస్టీ. అంటే ఛార్జీకి కూడా పన్ను కడుతున్నామన్నమాట. ఇలా బిల్లులో తమంతట తామే కలిపెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఇది చాలామందికి తెలుసు, కానీ పిల్లల ముందు, పక్క టేబుళ్ళ ముందు అడగడానికి మొహమాటం. నేనూ అడిగేవాణ్ణి కాదేమో, నాన్న బిల్లు నా చేతిలోంచి తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయారు.

"సిస్టమ్‌లో అదే వచ్చేస్తుంది సార్" అన్నాడు మేనేజరు.

"తీసెయ్యడం కూడా ఆ సిస్టమ్‌లోనే ఉంటుంది కదా బాబూ" అన్నారు నాన్న, గొంతు పెంచకుండా.

రెండు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది, 1,932. బయటికి వస్తూ పప్పు తెచ్చిన సర్వర్ చేతిలో నాన్న వంద కాగితం పెట్టారు. అది ఎవరికి చేరాలో వాళ్ళకే చేరింది.

పొద్దున్నే ఏడు లోపు కిరండూల్ పాసింజరు. అద్దాల పెట్టెలో సీట్లు ముందే తీసుకున్నాం, అవి తిరుగుతాయి కాబట్టి ఏ వైపు కూర్చోవాలన్న గొడవ లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన లైను ఇది. ఇప్పుడు సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం కేకలు పెడుతుంది, మా పాప గొంతు అందరికంటే పైన. టికెట్ డబ్బు దండగ అనిపించని ప్రయాణం.

అరకులో దిగాక అసలు కథ. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఒక లాడ్జిలో రెండు గదులు బుక్ చేశాను, గదికి రాత్రికి 2,400, రెండు రాత్రులు, సగం ముందే కట్టేశాను. ఫొటోలో కిటికీ తెరిస్తే లోయ. మాకిచ్చిన గదిలో కిటికీ తెరిస్తే నల్లటి నీళ్ళ ట్యాంకు, దాని మీద ఆరేసిన దుప్పటి. అడిగితే "వ్యాలీ వ్యూ పై అంతస్తులో సార్, అది వేరే రేటు" అన్నారు. సరే, చూడ్డానికి బయట కొండలున్నాయి కదా అని సర్దుకున్నాం. పొద్దున చలికి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే గీజరులోంచి చన్నీళ్ళే. గది కుర్రాడికి మూడుసార్లు ఫోన్ చేశాను, రాలేదు. కింద రిసెప్షన్‌లో "వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిది వరకే" అన్నారు. అప్పటికి టైము ఎనిమిదీ పది. ఆ ముక్క ఎక్కడా రాసి లేదు.

నాకు గొడవ పెట్టుకోవాలనిపించింది. మా ఆవిడకి మాట్లాడకుండా వెళ్ళిపోవాలనిపించింది. నాన్న మూడో పని చేశారు. కౌంటరు దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, "మేం ఉన్న రాత్రికి డబ్బు మీకు ముందే చేరింది. రెండో రాత్రి ఉండం. ఎందుకు ఉండట్లేదో చెప్పి వెళ్తాను, వినండి" అని ట్యాంకు దగ్గర్నుంచి గీజరు దాకా వరసగా చెప్పారు. వాళ్ళు క్యాన్సిలేషన్ అన్నారు, రూల్సన్నారు, చివరికి ఊరుకున్నారు. ఆటోలో అన్నారాయన: "నా కొట్టు మానేసినవాళ్ళు ఒక్కరూ ఎందుకు మానేశారో చెప్పలేదురా. కందిపప్పులో పుచ్చులున్నాయని ఒక్కరు చెప్పుంటే బస్తా మార్చేవాణ్ణి."

పది నిమిషాల దూరంలో ఇంకో చిన్న లాడ్జి దొరికింది, గదికి 1,800. మంగళవారం కాబట్టి దొరికింది. డిసెంబరు శనివారం అయితే ఈ కబుర్లేమీ ఉండవు, ట్యాంకు వ్యూకే దండం పెట్టి ఉండేవాళ్ళం. ఓనరు మమ్మల్ని ముందు గదికి తీసుకెళ్ళి, గీజరు వేసి, పంపు కింద చెయ్యి పెట్టి నీళ్ళు వేడెక్కేదాకా నిలబడ్డాడు. "చూసుకోండి బాబూ, తరవాతే డబ్బులు" అన్నాడు. గోడలకి పెచ్చులూడుతున్నాయి, టీవీ లేదు. మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాం.

బొర్రా గుహలకి కారు మాట్లాడుకుని వెళ్ళాం. మెట్లు చాలా, తడి ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బయటే ఆగడం మంచిది, అమ్మానాన్న అదే చేశారు. ట్రైబల్ మ్యూజియం పాపకి నచ్చింది. చాపరాయి జలపాతం దగ్గర బండల మీద పాచి ఉంటుంది, జాగ్రత్త.

బొంగు చికెన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. రోడ్డు పక్కన రెండు పొయ్యిలు, మధ్య పది అడుగులు కూడా లేవు. మొదటివాడు అప్పటికే కాల్చిన బొంగులు చూపించి "కేజీ ఉంటుంది సార్" అన్నాడు. రెండో పొయ్యి దగ్గరున్న ఆవిడ మాంసం కాటాలో వేసి, ముల్లు మా వైపు తిప్పి చూపించి, మసాలా కలిపి, పచ్చి బొంగులో దట్టించి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద పెట్టింది. ముప్పావుగంట కూర్చున్నాం. నూనె చుక్క లేదు, ఆకులో దులిపితే పొగలతో పడ్డ ముక్కలు. మేం తింటుండగానే మొదటివాడు కూడా కాటా తీసి ముందుకి పెట్టుకున్నాడు.

కాఫీ పొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు సరుకే అని ఇచ్చే గుర్తు) వచ్చాక ఆ పేరు ప్రతి కవరు మీదా కనిపిస్తోంది. చికోరీ అనే వేరు పొడి కలిపితే ఎంత శాతమో ముద్రించాలి, కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. రోడ్డు మీద కొన్ని కవర్ల మీద శాతం మాటే లేదు, నాన్న చూసి అక్కడే పెట్టేశారు. గిరిజన కో-ఆపరేటివ్ వాళ్ళ షాపులో కాఫీ, తేనె తీసుకున్నాం. బేరాల్లేవు, బిల్లు చేతికిస్తారు.

హైదరాబాద్ వచ్చాక మొదటి లాడ్జి గురించి రివ్యూ రాశాను. ట్యాంకు ఫొటో పెట్టాను, వేడినీళ్ళ సంగతి రాశాను, గది కుర్రాడు మూడుసార్లు పిలిచినా రాలేదని కూడా రాశాను. నాలుగో రోజు ఫోన్. వెయ్యి రూపాయలు వెనక్కి పంపిస్తాం, రివ్యూ తీసెయ్యమన్నారు. వద్దన్నాను. "ఆ కుర్రాణ్ని మాన్పించేశాం సార్, ఇంకేం కావాలి?" అన్నాడు అవతలాయన.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. నీళ్ళ టైము పెట్టింది వాడు కాదు, ఫొటో పెట్టిందీ వాడు కాదు. అన్ని గదులకీ వాడొక్కడే అని ఆ పొద్దున చూశాను కూడా. అదే చెప్పాను, వాణ్ణి మళ్ళీ పెట్టుకోమన్నాను. చూద్దాం సార్ అని పెట్టేశాడు. రివ్యూలో కుర్రాడి గురించి రాసిన వాక్యం తీసేసి, మిగతాది ఉంచాను.

సంక్రాంతికి ముందు మా పిన్ని కొడుకు అరకు వెళ్తూ ఆ లాడ్జి పేజీ పంపాడు. కిటికీ ఫొటో మారింది. వేడినీళ్ళు ఉదయం 6 నుంచి 9 వరకు అని కింద రాశారు. వెళ్ళినప్పుడు ఆ కుర్రాడు ఉన్నాడేమో చూడమన్నాను. ఎవరో కొత్త కుర్రాడట.