నల్లగొండ పాత ఇటుక భవంతిలో ఆఫీసు: ఏళ్ల అనుభవం

పన్నుల లెక్కలు చూసే మా ఆఫీసు చాలా ఏళ్లుగా నల్లగొండ పాతబస్తీలోని ఒక ఇటుక భవంతిలో నడుస్తోంది. నిజాం కాలం నాటి ఇల్లు. కింద వకీళ్లు, ఒక సర్వేయరు, పైన మేము. ఇలాంటి చోట ఆఫీసు పెట్టవచ్చా అని అడిగేవారికి ధైర్యంగా చెబుతాను: గోడలకు సిమెంటు పూయనంత కాలం నిశ్చింతగా పెట్టండి.

గోడల మందం రెండడుగులు. మే నెల ఎండ వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటికి మేము తాళాలు వేస్తుంటాం. నడిమి వాకిలికి పైకప్పు లేదు కాబట్టి వేడిగాలి అటే పోతుంది. గోడగూళ్లలో ఫైళ్లు చక్కగా ఇముడుతాయి.

అసలు కథ చెమ్మది. కింది గదిలో గోడ అడుగున తడి కనిపిస్తే ఒక మేస్త్రీ సిమెంటు పూత వేసి వెళ్లాడు. ఆ తర్వాత తడి తగ్గకపోగా పైకి పాకింది, తెల్లటి ఉప్పు పొడి రాలింది, ఇటుకలే పెచ్చులూడాయి. సున్నపు గోడ నేల నుంచి పీల్చిన తేమను గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీటితో పాటు వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని పగలగొడుతుంది. ఇంటివారు ఆ పూతంతా చెక్కించి, సున్నం, ఇసుక కలిపి గానుగ పట్టించి మళ్లీ పూయించారు. పనికి రోజులు పట్టింది, ఖర్చూ ఎక్కువే, కానీ గోడ ఆరింది. సున్నం పాతకాలపు ముచ్చట అనుకునేవారు యాదాద్రి వెళ్లి చూడండి. 2022లో తిరిగి తెరుచుకున్న ఆ ఆలయంలో రాళ్లను సున్నం, బెల్లం, కరక్కాయ, కలబంద కలిపిన మిశ్రమంతోనే పేర్చారు.

కప్పు కింద అట్టలతో మరో కప్పు బిగించడం కూడా నాకు నచ్చని పని. టేకు దూలాలు కంటికి కనబడుతూ ఉంటేనే చెదలు పట్టిందీ లేనిదీ తెలుస్తుంది. కరెంటు తీగల కోసం గోడలు తొలవనివ్వకండి; పైనే పట్టీలు కొట్టిస్తే చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. కిటికీలు చిన్నవి, పగలు కూడా లైటు వేయాలి. వైఫై గోడ దాటదు, గదికొక పెట్టె కావాలి. మెట్లు మరీ నిటారు. వయసు మళ్లిన రైతులు వస్తే మేమే కాగితాలు తీసుకుని కిందికి దిగుతాం. మీ దగ్గరికి పెద్దవాళ్లు ఎక్కువగా వస్తారనుకుంటే కింది గదే అడగండి.