‘బాగా తింటుంది’ అన్న ఒక్క మాట నమ్మి బాల్ పైథాన్ పిల్లను కొనకండి

టెక్సస్‌లో పాము పిల్లను కొనాలనుకుంటున్న తెలుగువారికి ఈ హెచ్చరిక. ఆగస్టులో డాలస్ దగ్గర జరిగిన ఒక సరీసృపాల ప్రదర్శనలో మా అబ్బాయి కోసం బాల్ పైథాన్ అనే కొండచిలువ రకం పిల్లను కొన్నాము. ‘బాగా తింటుంది, వారానికొక ఫ్రోజెన్ ఎలుక పిల్లను కరిగించి వేస్తే చాలు’ అని అమ్మిన వ్యక్తి రెండుసార్లు చెప్పాడు. ఆ మాట తప్ప మా చేతికి కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

ఇంటికి తెచ్చిన రోజు 64 గ్రాములు తూగిన పిల్ల ఐదు వారాలకు 57 గ్రాములకు దిగింది. కరిగించిన ఎలుకను ముందు పెట్టిన ప్రతిసారీ అది తలను చుట్టల మధ్య దూర్చుకుని బంతిలా ముడుచుకుపోయేది. రాత్రంతా వదిలేసి చూసినా, తెల్లవారేసరికి ఎలుక పెట్టినచోటే ఉండేది. చివరకు అమ్మిన వ్యక్తికి ఫోన్ చేసి గట్టిగా అడిగితే, ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి బతికున్న చిట్టెలుకలను తప్ప వేరేదేదీ ముట్టలేదని, ఎన్నిసార్లు తిన్నదో కూడా రాసి పెట్టుకోలేదని అతను ఒప్పుకున్నాడు. డబ్బు మాత్రం తిరిగి ఇవ్వనన్నాడు.

ఈ జాతి స్వభావరీత్యా బెరుకైనది. పశ్చిమ ఆఫ్రికాలో ఇవి ఎలుకల బొరియల్లోనూ, మన ఊళ్లలో పాములు పుట్టల్లో చేరినట్టే చెదపుట్టల్లోనూ దాక్కుంటాయి కాబట్టి, అన్ని వైపులా అద్దాలున్న పెద్ద తొట్టిలో పెడితే భయంతో తిండి మానేయవచ్చు. పెద్ద పాము నెలల తరబడి తినకపోయినా తట్టుకోగలదు గానీ, ఇంత చిన్న పిల్లకు అంత నిల్వ ఉండదు.

మేము దాన్ని చిన్న ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకైన గూళ్లు రెండు పెట్టి, థర్మోస్టాట్‌తో ఒక వైపు 90, రెండో వైపు 78 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేలా చూసి, వారం రోజులు చేత్తో తాకలేదు. తర్వాత, దానికి అలవాటైన వాసన కనుక ఎలుక పిల్లకు బదులు ఫ్రోజెన్ చిట్టెలుకను ఎంచుకున్నాము. దాన్ని ఫ్రిజ్‌లో కరగనిచ్చి, సంచిలో పెట్టి వేడినీళ్లలో ముంచి, తల భాగం చేతికి వెచ్చగా తగిలాక తుడిచి, చీకటి పడ్డాక పొడవాటి పటకారుతో గూటి గుమ్మం దగ్గర కదిలించాము. దయచేసి మైక్రోవేవ్ వాడకండి, లోపల ఉడికి పగిలిపోతుంది. తిననప్పుడు రోజూ ప్రయత్నించి విసిగించకుండా వారం చొప్పున ఆగాము. మూడోసారి అది మెడను వెనక్కి లాగి, ఒక్కసారిగా పట్టి చుట్టేసింది. ఆ నిమిషం మా ఇంట్లో ఎవరూ కదల్లేదు.

కొనేముందు, మీరు పెట్టబోయే ఆహారాన్నే కనీసం గత నాలుగైదుసార్లు తిన్నట్టు తేదీలతో, బరువుతో సహా రాసిన లెక్క చూపమనండి. వీలైతే మీ ఎదుటే తినిపించమనండి. వెన్నెముక పైకి తేలి ఉన్నా, నోటి దగ్గర బుడగలు కనిపించినా వద్దనండి. ఇప్పటికే కొన్న పిల్ల బరువు తగ్గుతూ పోతుంటే, బలవంతంగా నోట్లో కుక్కకుండా సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడికి చూపించండి. మేము కొన్న రోజు అదే బల్ల మీద, అదే ‘బాగా తింటుంది’ అన్న చీటీతో ఇంకా ఆరు పిల్లలు ఉన్నాయి.